రబ్బర్లు లోపల పెట్టేయండి పిల్లలూ

శ్రోతలందరికీ నమస్కారమండి. మీ ఇంట్లో నాలుగో క్లాసో ఐదో క్లాసో చదివే పిల్లలుంటే, పరిగెత్తే మనిషి బొమ్మ వెయ్యమని అడిగి చూడండి. చాలావరకు ఏమొస్తుందంటే గుండ్రటి తల, రెండు చేతులూ చాచి మనకేసి చూస్తూ నిటారుగా నిలబడ్డ మనిషి. పైగా గీసిందల్లా తుడవడం, తుడిచి తుడిచి కాయితం చిరిగాక నాకు బొమ్మలు రావు టీచర్ అనడం. తొమ్మిది పదేళ్ళ వయసులో ఈ మాట మరీ ఎక్కువ వింటుంటాను, బొమ్మ నిజంగా ఉన్నట్టే రావాలని ఆశ అప్పుడే మొదలవుతుంది, చెయ్యేమో ఇంకా తిరగదు, పాపం.

అందుకే జెశ్చర్ డ్రాయింగ్ క్లాసులో, అంటే వివరాల జోలికి పోకుండా ఒంటి కదలికని గబగబా గీయడం నేర్పే క్లాసులో, ముందు రబ్బర్లన్నీ బ్యాగుల్లో పెట్టించేస్తా. ఒక పిల్లాణ్ణి పిలిచి కబడ్డీలో కూతకెళ్ళినట్టు నిలబడమంటా. మిగతావాళ్ళు వెంటనే గీయకూడదు, వాళ్ళూ లేచి అలాగే నిలబడాలి, బరువు ఏ కాలి మీద పడుతోంది, నడుము ఎటు వంగింది, అది ముందు వాళ్ళ ఒంటికి తెలియాలి. ఆ తర్వాత కూర్చుని తల నుంచి పాదం దాకా ఒక్క వంపు గీత, దాని మీద భుజాలు, చేతులు, కాళ్ళు, అంతే. కళ్ళూ ముక్కూ వేళ్ళూ ఏవీ వద్దు. టైం 30 సెకన్లు. నిలబడ్డ పిల్లాడు కూడా కదలకుండా అంతకంటే ఎక్కువసేపు ఉండలేడు లెండి.

కాయితం మాత్రం పెద్దదుండాలి, పాత న్యూస్‌పేపర్ అయినా పర్లేదు, దాని మీద క్రేయాన్ ముక్క. చిన్న నోట్‌బుక్‌లో వేళ్ళే కదులుతాయి, పెద్ద కాయితం మీదైతే భుజం నుంచి చెయ్యంతా కదులుతుంది, గీతలో ఊపు అక్కణ్ణుంచే వస్తుంది.

1938లో హరిపుర కాంగ్రెస్ మహాసభ కోసం బెంగాలీ చిత్రకారుడు నందలాల్ బోస్ వేసిన బొమ్మల్లో డోలు వాయించేవాడి బొమ్మ పిల్లలకి చూపిస్తుంటాను. ఒంటి ఊపు చూస్తే చాలు, దెబ్బ వినపడుతున్నట్టే ఉంటుంది. మన బాపుగారి గీత సంగతి మీకు వేరే చెప్పాలా!

మొదట్లో పది బొమ్మల్లో ఎనిమిది పిచ్చిగీతల్లాగే ఉంటాయి, ఇదేం బొమ్మరా అని మాత్రం అనకండి, ఆ ఒక్క మాటకి మళ్ళీ రబ్బరు బయటికి తీస్తారు. ఈ సాయంత్రం మీరు దోసె వేస్తూనో, బావిలోంచి నీళ్ళు తోడుతూనో ఒక్క అర నిమిషం కదలకుండా ఆగండి, పిల్లలు గీస్తారు. కాయితం వెనక తేదీ వేసి దాచండి. ఉంటానండి, నమస్కారం.