దొంగ గవాచిలో దిగితే తుపాకీ పేల్చొచ్చా?

[మిద్దె మీద కుర్చీ. వెనక అనంతపురం ట్రాఫిక్ హారన్లు.]

నమస్తే అప్పా. ఈ వీడియో కొంచెం మంటతో చేస్తున్నా, ముందే చెప్తున్నా. గవాచి అంటే తెలీనోళ్లకు, వెలుతురు కోసం మిద్దె కప్పుకు పెట్టే కంత.

పోయిన వారం సప్తగిరి సర్కిల్ దగ్గర టీ తాగుతుంటే పక్కన ఇద్దరు పెద్దమనుషులు మాట్లాడుకుంటున్నారు. "ఇంట్లోకి దొంగొస్తే కాల్చి పారేయొచ్చంట, కొత్త చట్టంలో పెట్టినారంట" అని ఒకాయన. "రాత్రయితేనే అంట" అని రెండో ఆయన సర్దినాడు. ఇద్దరూ పూర్తిగా తప్పు చెప్పింటే నవ్వి ఊరుకుందును. సగం కరెక్టు చెప్పినారు, అదే నా బాధ. ఆ సగాన్ని నమ్మి ఎవడో ఒకడు ట్రిగ్గర్ మీద వేలు పెడతాడు, మిగతా సగం జడ్జి ముందర తెలుస్తుంది.

[స్క్రీన్ మీద వాట్సాప్ ఫార్వర్డ్]

ఫార్వర్డ్ ఇదీ. "భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 41. రాత్రిపూట ఇల్లు పగలగొట్టి వచ్చిన దొంగను చంపినా కేసు లేదు." మొదట, ఇది కొత్తదేం కాదు. 1860 నాటి ఐపీసీలో 103గా ఉన్నదే 2024 జులై 1 నుంచి 41 అయింది. "రాత్రి" అన్న మాట తీసి "సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు" అని విడమరిచినారు, రాత్రి సంగతిలో మార్పు అంతే. రెండోది, ఆ సెక్షన్ మొదటి వాక్యంలోనే ఒక ముక్క ఉంది: "సెక్షన్ 37లోని ఆంక్షలకు లోబడి". ఫార్వర్డ్ చేసినోడు సరిగ్గా ఆ ముక్కే కోసేసినాడు. మటన్ తూకంలో ఎముకలు పెట్టి కండ దాచుకున్నట్టు!

37 ఏం చెప్తుంది? రెండు మాటలు గుర్తు పెట్టుకోండి. పోలీసులను పిలిచే టైం ఉంటే ఆ హక్కు లేదు. ఉన్నా, కాపాడుకోవడానికి ఎంత అవసరమో అంతకు మించి దెబ్బ తీయకూడదు.

మనోళ్లకు నేనెప్పుడూ చెప్పే పోలిక ఒకటుంది. ఆత్మరక్షణ హక్కు మన చేని దగ్గర త్రీ ఫేజ్ కరెంటు లాంటిది. అది వచ్చినప్పుడే మోటర్ ఆడుతుంది. పోయినాక స్టార్టర్ ఎన్నిసార్లు నొక్కినా టక్ మంటుందే గాని నీళ్లు రావు. ఎప్పుడు రావాలో, ఎప్పుడు పోవాలో మన చేతిలో లేదు. ప్రమాదం మొదలైతే హక్కు వస్తుంది, ప్రమాదం ముగిస్తే పోతుంది. ఇంకోటి, వచ్చినా వోల్టేజీ చూసుకోవాల. హై వోల్టేజీలో ఆడిస్తే కాలేది మన మోటరే.

ఇప్పుడు మా మేనమామను పిలుస్తా. అంటే ఉదాహరణలోకి. కళ్యాణదుర్గం వైపు పల్లె, పాత మట్టి మిద్దె, మధ్యలో గవాచి. అటక మీద డబుల్ బ్యారెల్, లైసెన్సు ఉంది. రాత్రి రెండు గంటలు. మిద్దె మీద అడుగుల చప్పుడు. గవాచి మీద కప్పిన బండ ఎవడో జరుపుతున్నాడు, పైనుంచి మన్ను రాలి మామ మొహం మీద పడింది.

కరెంటు వచ్చిందా? వచ్చింది. చట్టంలో ఇంటికి కన్నం వేయడం అంటే గోడకు బొక్క కొట్టడం ఒక్కటే కాదు. మనుషులు నడిచే దారి కాని దాంట్లోంచి రావడం, అంటే కిటికీ, గోడ దూకడం, గవాచి. తాళం తీసి రావడం, ఆఖరికి నువ్వు పారేసుకున్న తాళంచెవి దొరికించుకుని దాంతో తలుపు తీసుకుని రావడం కూడా అదే. (ఈ తాళంచెవి ఉదాహరణ చట్టంలోనే రాసుంది. నూట అరవై ఏళ్ల కిందట ఎవరు కూర్చుని ఆలోచించినారో గాని, దొంగల సంగతి బాగా తెలిసినోళ్లే.) అదే మామ ఉక్కకు తలుపులు బార్లా తెరిచి పడుకుంటే, దొంగ గుమ్మంలోంచి నడిచొస్తే? అది ఇంట్లోకి అక్రమంగా చొరబడటం అవుతుంది గాని, ఇల్లు పగలగొట్టడం కాదు. అప్పుడు చంపేదాకా పోయే హక్కు దానంతటది రాదు. వాడి తీరు చూస్తే చస్తామనో, ఎముకలు విరుగుతాయనో భయం వేసుండాల. గడియ పెట్టినామా లేదా అన్నదానికి ఇంత లెక్కుంది!

సరే, గవాచి దగ్గరికి. చట్టం ప్రయత్నాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది, కాబట్టి దొంగ కిందికి దిగే దాకా ఆగాల్సిన పని లేదు. మరి కాల్చేయొచ్చా? ఇక్కడే 37. మామ గట్టిగా కేకేస్తే, టార్చి కొడితే, వాడు గోడ దూకి పారిపోయే అవకాశమే ఎక్కువ. అంత చిన్న పనితో తేలేదానికి తూటా ఎందుకు అని కోర్టు అడుగుతుంది. అడగాల కూడా. గవాచిలోంచి తొంగి చూసేది పక్కింటి పిల్లోడు అయ్యుండొచ్చు, గాలిపటం కోసం మిద్దెలెక్కే రకం. రాత్రి రెండు గంటలకు ఎవడూ గాలిపటం ఎగరేయడు అనుకోండి, మీరు అనే లోపే చెప్తున్నా.

రెండో సీను. వాడు దిగినాడు. చీకటి. చేతిలో పొడుగ్గా ఏదో మెరిసింది. అత్త ఆ మూల పడుకునుంది. వాడు అటే అడుగేసినాడు. మామ పేల్చినాడు. తెల్లారి చూస్తే వాడి చేతిలో ఉన్నది కొడవలి కాదు, ఇనుప కడ్డీ. ఇప్పుడు?

ఇక్కడ సుప్రీంకోర్టు మామ పక్షమే. 2010 దర్శన్ సింగ్ కేసులో చాలా స్పష్టంగా చెప్పింది: నిజంగా ప్రమాదం ఉందా లేదా అనేది కాదు, ఆ క్షణంలో ఆ మనిషికి భయపడటానికి సరైన కారణం ఉందా అనేది చూడాల. ప్రాణాలు పోయేట్టున్న మనిషి తన దెబ్బను తక్కెట్లో తూచి కొట్టలేడు. పారిపోయే దారున్నా పిరికోడిలా పారిపోయి తీరాల్సిన పని లేదు. ఈ తీర్పు చూసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది. ఏసీ గదిలో కూర్చుని రాసినా, చీకట్లో నిలబడినోడి గుండె చప్పుడు వాళ్లకు వినపడింది.

మూడో సీను. అన్నీ తెలిసినోళ్లు కూడా తప్పు చేసేది ఇక్కడే. మామ కేకకు వాడు చేతిలో ఉన్న ట్రంకుపెట్టె వదిలేసి, తలుపు గడియ తీసుకుని వీధిలోకి పరిగెత్తినాడు. మామ వెనకే పోయి, వేపచెట్టు దగ్గర వాడి వీపు మీద పేల్చినాడు.

కరెంటు పోయింది మామా! గడప దాటినప్పుడే పోయింది. ఇల్లు పగలగొట్టి వచ్చినోడి మీద హక్కు, వాడు ఇంట్లో ఉన్నంతసేపే. సొమ్ము ఎత్తుకుని పోతుంటే వెంటపడి లాక్కోవచ్చు, పట్టుకుని కట్టేయొచ్చు, పెనుగులాటలో దెబ్బలు తగలొచ్చు. ఉత్త దొంగతనానికి ప్రాణం తీసే హక్కు మాత్రం లేదు. పోస్ట్‌మార్టంలో తూటా వీపు నుంచి పోయిందని రాసినాక, "నా మీదకొచ్చినాడు సార్" అని మామ ఎన్నిసార్లు చెప్పినా ఎవరు నమ్ముతారు?

ఇట్లాంటిది ఇంగ్లండులో నిజంగానే జరిగింది. 1999, నార్ఫోక్ ప్రాంతంలో ఒంటరి రైతు, అంతకుముందే దొంగల బాధ పడినోడు. రాత్రి ఇద్దరు చొరబడితే షాట్‌గన్ పేల్చినాడు. వీపున తగిలి 16 ఏళ్ల పిల్లోడు చచ్చిపోయినాడు. జ్యూరీ హత్య అనింది. 2001లో అప్పీలు కోర్టు దాన్ని తగ్గించింది, అది కూడా ఆత్మరక్షణ అని కాదు, ఆయన మానసిక పరిస్థితి చూసి. ఆ తుపాకీకి లైసెన్సు కూడా లేదు. సగం దేశం ఆయన్ను మెచ్చుకుంది, సగం తిట్టింది. వాళ్ల చట్టం వేరే, మన చట్టం వేరే. ప్రశ్న మాత్రం మా వేపచెట్టు కిందదే.

నాలుగో సీను మీ ఊర్లో మీరు చూసే ఉంటారు. దొంగ దొరికినాడు, స్తంభానికి కట్టేసినారు, ఊరంతా తలా ఒక దెబ్బ. కట్టేసినోడి దగ్గర ఎవరికి ప్రమాదం? కరెంటు పోయి గంటయింది, మీరింకా స్టార్టర్ నొక్కుతున్నారు. వాడు చస్తే అది హత్య కేసు, వరసలో నిలబడి కొట్టినోళ్లందరి మీదా.

పగటి సంగతి అడుగుతారు. ఎండాకాలం మధ్యాహ్నం ఊరంతా పడుకున్నప్పుడు తాళం పగలగొడితే? గాయపరచొచ్చు, చంపే హక్కు లేదు. వాడు కత్తి చూపించి బెదిరిస్తే అది దోపిడీ, అప్పుడు పగలూ రాత్రీ తేడా లేదు. ఇంటికి నిప్పు పెట్టినా, బాంబు వేసినా అంతే.

[కుర్చీ ముందుకు జరుపుకుని]

ఇప్పుడు నాకిష్టమైన ముక్క. ఆటో స్టార్టర్! మనం ఇంట్లో పడుకునుంటే కరెంటు రాగానే మోటర్ దానంతటదే ఆన్ అవుతుంది. బోర్లో నీళ్లున్నాయా లేవా అది చూడదు. తోటింటికి ట్రాప్ పెట్టేది, చేనికి కరెంటు తీగ చుట్టేది అట్లాంటిదే. అమెరికాలో ఐయోవా రాష్ట్రంలో ఖాళీ ఇంటికి దొంగల బాధ పడలేక ఒక దంపతులు పడకగది తలుపుకు షాట్‌గన్ కట్టినారు, తలుపు తీస్తే పేలేట్టు. పాత సీసాలు ఏరుకోవడానికి దూరినోడి కాలు ఛిద్రమైంది. 1971లో అక్కడి సుప్రీంకోర్టు దొంగకే 30,000 డాలర్లు ఇప్పించింది. అది కట్టడానికి వాళ్లు 80 ఎకరాలు అమ్ముకున్నారు. దొంగకు నష్టపరిహారం! వినగానే నాకూ ఒళ్లు మండింది. తర్వాత ఆలోచిస్తే, ఆ తలుపు తీసింది ఊరి పోస్ట్‌మ్యానో, మంటలు ఆర్పే మనిషో అయ్యుంటే? తుపాకీకి కళ్లు లేవు. మన చేలల్లో పందుల కోసం పెట్టిన తీగకూ లేవు. వేరుశనగ చేన్లో తెల్లారి చచ్చి పడుండేది పంది కాదు, నీళ్లు కట్టను వచ్చిన పక్క చేనాయన అయిన కేసులు ఈ సీమలో ఎన్ని! ఆ కేసులో "ఆత్మరక్షణ" అన్న మాటే ఎత్తకండి, నడవదు.

అబ్బా, పది నిమిషాలు దాటింది. మిగతాది గబగబా.

హద్దు దాటితే వెంటనే హత్యే అనుకోకండి. మంచి ఉద్దేశంతో, ముందే అనుకోకుండా, కావాలని ఎక్కువ హాని చేయకుండా హక్కు మీరితే, అది హత్య కిందికి రాని నరహత్య, సెక్షన్ 105. పదేళ్ల దాకా, ఒక్కోసారి యావజ్జీవం. హత్యయితే కొత్త చట్టంలోని సెక్షన్ 103, ఉరి లేదా యావజ్జీవం.

కేసే ఉండదు అనుకోకండి. ఎఫ్‌ఐఆర్ అవుతుంది, తుపాకీ సీజ్ చేసి ల్యాబుకు పంపుతారు, అరెస్టు కూడా చేయొచ్చు. ఆత్మరక్షణ అని చూపించాల్సింది మీరే. అనుమానానికి తావు లేకుండా అక్కర్లేదు, అట్ల జరిగుండొచ్చు అనిపిస్తే చాలు. అందుకే పేలినాక ఏదీ జరపకండి, కడగకండి, 112కు మీరే ఫోన్ చేయండి.

రాత్రికి వస్తారని సాయంత్రమే తెలిస్తే స్టేషన్‌కు పోవాల. మిద్దె మీద మనుషులను పెట్టి కాచుకుని కూర్చుంటే అది ఆత్మరక్షణ కాదు, మన సీమలో దానికి వేరే పేరుంది. రెండు వర్గాలూ సిద్ధపడి కొట్టుకుంటే ఇద్దరికీ ఆ హక్కు లేదు.

లైసెన్సు: జిల్లాలో కలెక్టర్ దగ్గర. 2019 సవరణ తర్వాత మనిషికి రెండు తుపాకులే. నాటు తుపాకీతో కాలిస్తే, ఆత్మరక్షణ కింద బయటపడినా ఆయుధాల చట్టం కేసు అట్లే ఉంటుంది. పెళ్లిలో గాల్లోకి పేలిస్తే రెండేళ్ల దాకా జైలు లేదా లక్ష జరిమానా, లేదా రెండూ. ఊరికి పోతుంటే, తాళం వేసిన ఇళ్ల మీద కన్నేసి ఉంచే పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్‌లో చెప్తే ఇంట్లో కెమెరా పెడతారు, ఉచితం.

ఈ వీడియో ఎడిటింగ్ అయినాక మొదట మామకే పంపినా. మొత్తం చూసి ఫోన్ చేసినాడు.

"రేయ్ అబ్బీ, నన్ను అన్నిసార్లు జైలుకు పంపినావు కదరా."

"ఉదాహరణకే మామా."

"అది సరే. ఎలక్షన్లొస్తే తుపాకీ స్టేషన్‌లో పెట్టమంటారు కదా, అప్పుడు గవాచిలో దిగితే ఏం చేయాల?"

"112 చెయ్యి మామా."

కాసేపు ఏం మాట్లాడలేదు. మల్ల, "గవాచికి చువ్వలు పెట్టిచ్చేకి ఎంతవుతుందో మీ ఊర్లో కనుక్కో" అని ఫోన్ పెట్టేసినాడు.