రిపోర్టులన్నీ నార్మలే, మరి నొప్పి ఎక్కడిది? – స్టూడియో చర్చ

యాంకర్: నమస్తే అండీ. ఈరోజు చాలా ఇళ్ళల్లో వినపడే ఒక మాట గురించి మాట్లాడుకుందాం, 'అన్నీ నార్మలే అమ్మా, నీకేం లేదు' అనే మాట. ఏం లేదన్న మనిషి మాత్రం పొద్దున మంచం దిగలేకపోతుంది. స్టూడియోలో కీళ్ళవాతం డాక్టర్ గారు ఉన్నారు, కౌన్సెలర్ మేడమ్ ఉన్నారు, ఆరేళ్ళుగా ఒళ్ళు నొప్పులతో ఉన్న ఒక టీచర్ గారు గుంటూరు వైపు నుంచి వచ్చారు, పేరు వద్దన్నారు కాబట్టి టీచర్ గారూ అనే పిలుస్తా. మీతోనే మొదలుపెడదామండీ, ఆ సంచీ ఏంటి?

టీచర్: (నవ్వు) ఫైలండీ. ఎక్కడికెళ్ళినా మోసుకెళ్ళడం అలవాటైపోయింది. ఎక్స్‌రేలు, ఎమ్మారైలు రెండు, థైరాయిడ్ అయితే ఎన్నిసార్లో. ఇంత బరువుంది కదా, ఇందులో ఒక్క కాయితం కూడా నా పక్షాన మాట్లాడదు. ఎమ్మారై నార్మల్ అని వచ్చిన రోజు ఇంట్లో అందరూ హమ్మయ్య అని స్వీట్ తెచ్చుకున్నారు, నేను బాత్రూంలోకి పోయి ఏడ్చా. ఏదో ఒకటి ఉందని వచ్చినా బాగుండేది అనిపించింది, అలా అనిపించినందుకు మళ్ళీ సిగ్గేసింది.

యాంకర్: ఇంట్లో ఏమనేవాళ్ళు?

టీచర్: మొదట్లో బాగానే చూశారండీ, అబద్ధం చెప్పకూడదు. మా ఆయన సెలవు పెట్టి మరీ తిప్పారు. ఏడాది దాటాక మాట మారింది. 'స్కూల్లో పొద్దస్తమానం నిలబడి పాఠాలు చెప్తావు, ఇంటికొచ్చాకే వస్తుందా నొప్పి' అని అత్తయ్య. ఉన్న ఓపికంతా స్కూల్లోనే ఊడ్చుకుపోయేది, అది ఎలా చెప్పాలో తెలిసేది కాదు. జడ వేసుకుందామని చేతులెత్తితే భుజాలు పీకేసేవి, సరేలే అని జుట్టు కత్తిరించేసుకున్నా, దానిక్కూడా 'ఒంట్లో బాలేదంటుంది, ఫ్యాషన్లకేం తక్కువ లేదు' అన్నారు. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు, సెలైన్ ఎక్కిస్తే పోతుందన్నారు, ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర బీకాంప్లెక్స్ సూదులు ఎన్ని పడ్డాయో లెక్కే లేదు.

డాక్టర్: ఇందులో మా డాక్టర్ల తప్పు కూడా ఉందండీ. ఓపీలో బయట వంద మంది కూర్చుని ఉంటే 'నీకేం లేదు' అనేసి పంపడం తేలిక. అనాల్సింది 'ఈ టెస్టుల్లో కనపడలేదు' అని. ఫైబ్రోమయాల్జియానే తీసుకోండి, ఒళ్ళంతా నొప్పులు, అలసట ఉండే జబ్బు, ఒంట్లో వాపు చూపించే ఈఎస్ఆర్, సీఆర్పీ రక్తపరీక్షలు, ఎక్స్‌రే మామూలుగానే ఉంటాయి, ఆ జబ్బు తీరే అంత. 1990లో అమెరికా రుమటాలజీ కాలేజీ అనే కీళ్ళవాతం డాక్టర్ల సంఘం వాళ్ళు ఒంటి మీద 18 చోట్ల నొక్కి చూడండి, కనీసం 11 చోట్ల నొప్పి ఉండాలి అన్నారు. 2010కి వచ్చేసరికి ఆ నొక్కుడు పక్కన పెట్టి, నొప్పి ఎక్కడెక్కడ, నిద్ర లేచాక కూడా అలసటేనా, విషయాలు గుర్తుంటున్నాయా అని అడిగి తెలుసుకోమన్నారు. అంటే పేషెంట్ చెప్పేది వినడమే ఇక్కడ అసలు టెస్టు, మాకేమో దానికే టైం ఉండదు.

యాంకర్: మరి ఏ దెబ్బా లేకుండా నొప్పి ఎక్కడ్నుంచి వస్తుంది సార్?

డాక్టర్: ఇంటి ముందు కుక్క ఉందనుకోండి, ఏదో కారణంతో దానికి బెదురు పట్టింది, ఆకు కదిలినా మొరుగుతోంది. మనం టార్చి వేసుకుని ఇల్లంతా వెతికి దొంగ లేడు అని చెప్పాం, అది నిజమే. అంతమాత్రాన కుక్క మొరగట్లేదు అనం కదా? మెదడు, నరాలు నొప్పిని అందుకునే పద్ధతే అలా అతిగా మారిపోతుంది. రాత్రంతా ఆ మొరుగుడు వింటున్నది ఈవిడే.

కౌన్సెలర్: బాగా చెప్పారు సార్, కానీ మా దగ్గరికి పేషెంట్లు ఎలా వస్తారో కూడా చెప్పాలి, మీ దగ్గర్నుంచి తోసేస్తే వస్తారు. 'నా వల్ల కాదు, సైకియాట్రిస్ట్‌కి చూపించు' అంటారు, ఇంటికెళ్ళగానే హైదరాబాద్‌లో అయితే ఎర్రగడ్డ, వైజాగ్‌లో అయితే చినవాల్తేరు పిచ్చాసుపత్రి అని జోకులు. కారణం దొరకని ఆడవాళ్ళ బాధలకి ఒకప్పుడు అంటగట్టిన హిస్టీరియా అనే మాట గర్భాశయానికి గ్రీకులో ఉన్న పేరు నుంచి పుట్టింది, అమెరికా మానసిక వైద్యుల పుస్తకం 1980లో ఆ రోగం పేరు తీసేసింది. మన దగ్గరేమో ఇంకా 'పెళ్ళి చేస్తే అదే పోతుంది', పెళ్ళయితే 'ఒక బిడ్డ పుడితే అదే పోతుంది'.

డాక్టర్: ఒప్పుకుంటా. అయితే నమ్మడం అంటే టెస్టులు మానేయడం అనుకోకండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సగం మందికి పైగా ఆడవాళ్ళకి రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్, థైరాయిడ్, బీ12, డీ విటమిన్ చూడకుండా ఏ పేరూ పెట్టకూడదు. నెలసరి నొప్పి అని కొట్టిపారేసింది ఏళ్ళ తర్వాత ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొర లాంటిది బయట పెరిగే జబ్బు) అని తేలిన కేసులు బోలెడు. బరువు తగ్గినా, జ్వరం వస్తూ పోతూ ఉన్నా, చెయ్యో కాలో పట్టు తప్పినా మళ్ళీ మొదట్నుంచీ చూడాల్సిందే.

యాంకర్: టీచర్ గారూ, మీకు మీ జబ్బు పేరు ఎప్పుడు తెలిసింది?

టీచర్: మూడో ఏట. ఒక డాక్టరమ్మ అరగంట కూర్చోబెట్టి విన్నారు, ఫైబ్రోమయాల్జియా అని పేరు చెప్పారు, నాకైతే ర్యాంకు వచ్చినంత సంతోషం. మందు తీసుకుందామని షాపుకెళ్తే ఆ అబ్బాయి 'ఇది డిప్రెషన్ టాబ్లెట్ కదా మేడమ్' అని అందరి ముందూ అన్నాడు. మా ఊరు చిన్నదండీ. ఆ స్ట్రిప్ మూడు నెలలు బీరువాలోనే ఉంది.

డాక్టర్: అయ్యో. డులాక్సెటిన్ అయ్యుంటుంది. అది డిప్రెషన్‌కీ వాడతారు, నొప్పి సంకేతాల మీదా పని చేస్తుంది, 2008లోనే అమెరికాలో ఫైబ్రోమయాల్జియాకి అనుమతి ఇచ్చారు. చీటీ రాసేటప్పుడే ఆ ఒక్క ముక్క చెప్పాలి మేము. అలాగని టాబ్లెట్‌తో మొత్తం పోతుందనీ చెప్పను, నిద్ర, కొద్దికొద్దిగా కదలిక, అన్నీ కలిస్తేనే.

కౌన్సెలర్: మేము కూడా నొప్పి తీసేస్తాం అని చెప్పం. ఎవరూ నమ్మట్లేదు అన్న బాధ ఇంకోటి పైన పడుతుంది చూడండి, మా పని దాంతో. రాత్రిపూట మరీ దిగులైతే టెలీ మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, 14416, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు.

యాంకర్: మీకు ఆసరా ఎవరండీ?

టీచర్: నేను అస్సలు అనుకోని మనిషి, మా తోటికోడలు. మా ఇద్దరికీ అంతకుముందు పెద్దగా పడేది కాదు కూడా. 'ఎలా ఉంది' అని అడగదు, అలా అడిగితే నాకు విసుగొస్తుంది, రోజూ ఏం చెప్తాం. ఇవాళ పదికి ఎన్ని మార్కులు అంటుంది. నేను టీచర్ని కదా. నాలుగు అంటే బిందె, చపాతీ పిండి తనే చూసుకుంటుంది, ఏడు అంటే పని నాకే వదిలేస్తుంది, పాపం అని జాలి చూపించదు. రెండు అన్న రోజు మా ఆయనకి తనే ఫోన్ చేసి 'బావగారూ, బయట నుంచి టిఫిన్ తెచ్చేయండి' అని చెప్పేస్తుంది. నేను ఒక్కరికి కూడా సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు.

యాంకర్: ఒక కాలర్ ఉన్నారు, నల్లగొండ నుంచి. చెప్పండి సార్.

కాలర్: నమస్తే మేడం. మా ఇంటామెకు కరోనా వచ్చి పోయినంక ఇట్లనే అయితుంది. ఒక్కరోజు బట్టలుతికితే రెండు రోజులు పండుకుంటది. నేను గట్టిగ చెప్తున్న, రోజు పొద్దుగాల్ల వాకింగ్ పోవాలె, పెంచుకుంట పోవాలె అని. ఆమె ఏడుస్తది. నేను మంచికే చెప్తున్న గదా సార్?

డాక్టర్: మంచికే అన్నా, కానీ ముందు ఆ బలవంతం ఆపండి. గుండె, ఊపిరితిత్తులు ఒకసారి చూపించండి. కొంతమందికి పని చేసిన మర్నాడో ఆ తర్వాత రోజో ఒళ్ళు కుప్పకూలిపోతుంది, ఇలాంటి అలసట జబ్బుకి వ్యాయామం లెక్క కట్టి పెంచుకుంటూ పోవడం వద్దని 2021లో ఇంగ్లండ్ గైడ్‌లైన్స్ కూడా మార్చేశారు. ఇందాకటి ఫైబ్రోమయాల్జియాకి కదలిక మంచిదన్నానే, ఇది వేరు. ఓపిక అయిపోకముందే ఆగాలి.

కాలర్: అట్లనా. మరి నేనేం జెయ్యాలె?

కౌన్సెలర్: మీరేం చేస్తే బాగుంటుందో ఆవిడ్ని ఎప్పుడైనా అడిగారా అండీ?

కాలర్: ...అడగలే మేడం. ఇప్పుడు అడగాల్నా? పక్కనే ఉన్నది.

యాంకర్: అడగండి సార్, లైన్లోనే ఉంటాం.

(ఫోన్‌లో వెనక నుంచి ఆడ గొంతు: ముందుగాల్ల ఆ టీవీ సౌండ్ తక్కువ చెయ్యి.)

టీచర్: (నవ్వుతూ) నాకూ అంతేనండీ, బాలేని రోజు శబ్దం అస్సలు పడదు. తగ్గించండి అన్నయ్యా.