ఇంజిన్ వణికి ఆగిపోతోందా? ముందు ఎలా ఆగిందో చెప్పండి

[బానెట్ తెరిచి ఉంది. ఐడ్లింగ్‌లో (బండి కదలకుండా, యాక్సిలరేటర్ తొక్కకుండా) ఇంజిన్ శబ్దం. రెండు మూడు సెకన్లకోసారి తడబడుతుంది. శబ్దం సన్నగిల్లి, ఆగిపోతుంది.]

విన్నారుగా. ఇది నా బండే, కిందటి నెల తీసిన వీడియో. ముందు రోజు సాయంత్రం దాకా బాగానే నడిచింది. పొద్దున సిగ్నల్ దగ్గర స్టీరింగ్ వణికింది. ఆర్‌పీఎం, అంటే ఇంజిన్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోందో చూపే ముల్లు 800 నుంచి 500కి జారింది, లేచింది, మళ్లీ జారి ఇక లేవలేదు. వెనకాల హారన్లు, లోపల నాకు టెన్షన్.

బండి ఇలా మొరాయిస్తే అందరూ అడిగేది ‘ఏ పార్ట్ పోయింది?’ అని. నేనైతే ముందు ఇంకోటి అడుగుతాను. బండి ఎలా ఆగింది? స్విచ్ నొక్కి లైటు ఆర్పినట్టు టక్కున ఆగిందా? లేక నూనె అయిపోయిన దీపం కొండెక్కినట్టు ఊగి ఊగి ఆగిందా?

ఈ తేడా గమనిస్తే సగం పని అయినట్టే. టక్కున ఆగితే ఎక్కువ శాతం కరెంటు వైపు సమస్య. ఊగి ఊగి ఆగితే పెట్రోలో, గాలో సరిగ్గా అందట్లేదు. నూటికి నూరు పాళ్లూ ఇలాగే అని చెప్పను గానీ, వెతుకులాట ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రం దీన్ని బట్టే తెలుస్తుంది.

అసలు విషయంలోకి వెళ్లే ముందు, నడుస్తుండగా బండి ఆగిపోతే ఏం చేయాలో చెప్పేస్తాను. పవర్ స్టీరింగ్ సాయం పోవచ్చు, అప్పుడు స్టీరింగ్ బాగా బరువెక్కుతుంది, అయినా తిరుగుతుంది. బ్రేక్ తొక్కడాన్ని తేలిక చేసే బూస్టర్‌లో ఒకటి రెండు సార్లకు సరిపడా వాక్యూమ్ మిగిలి ఉంటుంది. అందుకే పెడల్‌ని పదేపదే కొట్టకండి, ఒక్కసారి గట్టిగా తొక్కి పట్టుకోండి. హజార్డ్ లైట్లు వేసి పక్కకి తీయండి. బండి కదులుతుండగా తాళం మాత్రం బయటికి లాగొద్దు, స్టీరింగ్ లాక్ పడిపోతుంది.

[డ్యాష్‌బోర్డు దగ్గరి నుంచి.]

ముందు టక్కున ఆగే రకం చూద్దాం. ఆగిన క్షణంలో డ్యాష్‌బోర్డు చూడండి. తాళం ఆన్‌లోనే ఉండి ఇంజిన్ ఆగితే ఆయిల్, బ్యాటరీ గుర్తులు వెలగాలి. అవీ వెలగకుండా మొత్తం చీకటైపోతే బండికి కరెంటే అందట్లేదన్నమాట. బ్యాటరీ టెర్మినల్‌ని చేత్తో తిప్పి చూడండి. కొంచెం కదిలినా అది లూజే. ఎర్త్ వైరు బాడీకి బిగించిన చోట తుప్పు పట్టిందేమో చూడండి. ఇంకో విచిత్రం కూడా ఉంది. పెద్ద తాళాల గుత్తి వేలాడేసి ఏళ్ల తరబడి నడిపితే ఇగ్నిషన్ స్విచ్ అరిగిపోతుంది, గతుకుల్లో గుత్తి ఊగినప్పుడల్లా బండి ఆగుతుంది. పార్క్ చేసిన చోట ఐడ్లింగ్‌లో ఉంచి తాళాన్ని మెల్లగా కదిపితే బయటపడుతుంది.

లైట్లన్నీ వెలుగుతూ ఇంజిన్ ఒక్కటే టక్కున పోయిందా? అయితే నా అనుమానం మొదట క్రాంక్ సెన్సర్ మీదకే పోతుంది. క్రాంక్ షాఫ్ట్ అంటే ఇంజిన్ లోపల తిరిగే ప్రధాన ఇరుసు. అది ఏ స్థానంలో తిరుగుతోందో ఈసీయూకి, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌కి చెప్పేది ఇదే. ఆ సమాచారం రాకపోతే స్పార్క్ ఎప్పుడివ్వాలో, పెట్రోల్ ఎప్పుడు కొట్టాలో ఈసీయూకి తెలియదు. అందుకని రెండూ ఆపేస్తుంది.

ఈ సెన్సర్‌కో దొంగబుద్ధి ఉంది. చాలాసార్లు వేడెక్కితేనే చస్తుంది. అరగంట చల్లారాక సెల్ఫ్ కొడితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. మెకానిక్ దగ్గరికి చేరేసరికి బండి బుద్ధిమంతురాలు, మనమే అబద్ధాలకోరులం. కాబట్టి దీన్ని పట్టుకోవాలంటే వేడి మీద, ఆగిన చోటే పట్టుకోవాలి. స్కానర్ పెట్టి సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎం చూడండి. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు 200 అటూ ఇటూ కనిపించాలి. ఇంజిన్ తిరుగుతున్న చప్పుడు వినిపిస్తూ అక్కడ సున్నా ఉంటే సెన్సరో, దాని వైరో, కనెక్టరో పోయినట్టు. తప్పేంటో చెప్పడానికి ఈసీయూ దాచే కోడ్ పడితే పీ0335 పడుతుంది, ఒక్కోసారి అసలు కోడే పడదు.

[డ్యాష్‌బోర్డు కింద స్కానర్ సాకెట్ చూపించాలి.]

స్కానర్ అన్నాను కదా. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది, ఓబీడీ2 పోర్ట్ అంటారు. బ్లూటూత్ స్కానర్ అందులో గుచ్చి ఫోన్‌లో చూడొచ్చు. కోడ్ కనిపించగానే డిలీట్ కొట్టేయకండి. దానితో పాటు ఈసీయూ ఫ్రీజ్ ఫ్రేమ్ అని ఒకటి దాస్తుంది. తప్పు జరిగిన క్షణంలో ఇంజిన్ ఎంత వేడిగా ఉంది, ఎంత స్పీడులో ఉంది, ఆర్‌పీఎం ఎంత అన్నీ అందులో ఉంటాయి. దాన్ని ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి. బ్యాటరీ వైరు పీకినా ఇది చాలా బళ్లలో చెరిగిపోతుంది.

ఇప్పుడు దీపం కొండెక్కే రకం. ఇందులో ఇంకో ప్రశ్న వేసుకోవాలి. ఎక్కడ ఎక్కువ ఇబ్బంది పెడుతోంది? చడావు ఎక్కేటప్పుడు, ఓవర్‌టేక్ చేసేటప్పుడు పికప్ చచ్చిపోయి జర్క్ కొడుతుంటే పెట్రోల్ చాలట్లేదు. పంపు బలహీనపడి ఉండొచ్చు, ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు. తాళం ఆన్ చేసి, స్టార్ట్ చేయకుండా చెవి రిక్కించండి. చాలా కార్లలో వెనక సీటు కింద నుంచి రెండు సెకన్ల పాటు ‘జూయ్’ మని వినిపిస్తుంది. అసలు వినపడకపోతే పంపు, దాని ఫ్యూజు, రిలే చూడాలి. వినిపించినంత మాత్రాన ప్రెషర్ సరిపోతోందని కాదు, అది గేజ్ పెట్టించే తేలాలి. మామూలు ఇంజెక్షన్ బళ్లలో సాధారణంగా 3 నుంచి 4 బార్ ఉంటుంది. డైరెక్ట్ ఇంజెక్షన్ అయితే ఇంజిన్ దగ్గర ప్రెషర్ ఇంకా చాలా ఎక్కువ, ఆ పైపుల జోలికి మీరు పోవద్దు.

బంకులో ట్యాంకు నింపి బయటికొచ్చిన ఐదు నిమిషాలకే ప్రతిసారీ వణుకుతోందా? ట్యాంకులోని పెట్రోల్ ఆవిరిని ఇంజిన్‌లోకి వదిలే పర్జ్ వాల్వ్ తెరుచుకుని ఉండిపోయి ఉంటుంది, పెట్రోల్ ఆవిరి ఎక్కువై ఇంజిన్ ఉక్కిరిబిక్కిరి అవుతుంది. ఒక్కసారి మాత్రమే అయితే ఆ పెట్రోల్లో నీళ్లు కలిశాయేమో ఆలోచించాలి.

[కాయిల్ ఊడదీసి చేతిలో చూపించాలి.]

ఇంకోటి, మిస్సింగ్. నాలుగు సిలిండర్లలో ఒకటి పనిచేయట్లేదు, బండి మూడు కాళ్ల మీద కుంటుతోంది. సైలెన్సర్ దగ్గర చెయ్యి పెడితే గాలి ఒక లెక్కలో రాదు, మధ్యలో ఒక దెబ్బ తప్పుతుంది. ఇక్కడ చెక్ ఇంజిన్ లైటు నిలకడగా వెలుగుతోందా, మినుకుమినుకుమంటోందా చూడండి. మినుకుమంటోందంటే కాలని పెట్రోల్, పొగని శుద్ధి చేసే కాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతోంది. లోపలి పింగాణీ కరిగిపోయే ప్రమాదం ఉంది. ‘ఇంటిదాకా లాగించేద్దాం’ అనుకోకండి, ఆపేయండి.

కోడ్ పీ0302 అంటే రెండో సిలిండర్ మిస్ అవుతోంది. పీ0303 అంటే మూడోది. పీ0300 అంటే ఒకదానికే పరిమితం కాదు. ఒక్క సిలిండర్ అయితే తేల్చడం తేలిక. ఒక్కో సిలిండర్‌లో స్పార్క్ ప్లగ్గుకి కరెంటిచ్చేది కాయిల్. ఇంజిన్ ఆపి, రెండో కాయిల్ తీసి మూడో దానిలో, మూడో దాన్ని రెండో దానిలో పెట్టండి. కోడ్ కూడా మూడుకి మారిందా, కాయిల్ పోయింది. మారలేదా, ఈసారి ఆ రెండు ప్లగ్గుల్ని అటూ ఇటూ మార్చి చూడండి. అప్పటికీ రెండులోనే ఉంటే పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్, ఆ తర్వాత కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి నొక్కుకునే బలం చూడాలి. ఒకసారికి ఒక్కటే మార్చండి. కాయిలూ ప్లగ్గూ ఒకేసారి మార్చేస్తే ఏది దొంగో ఎప్పటికీ తెలియదు.

ప్లగ్గు తీసినప్పుడు ముక్కు చూడండి. లేత గోధుమ రంగో బూడిద రంగో ఉంటే మంచిది. కాటుకలా నల్లగా, పొడిగా ఉంటే పెట్రోల్ ఎక్కువవుతోంది. తడిగా పెట్రోల్ వాసన వస్తే అక్కడ మండట్లేదు. ప్లగ్గు గుంటలో ఆయిల్ నిలిచి ఉంటే కొత్త కాయిల్ వేసినా కొన్నాళ్లకు అదే గతి పట్టొచ్చు, పైన వాల్వ్ కవర్ సీల్ మార్చాలి. ఇంకో మాట. ఇంజిన్ నడుస్తుండగా కాయిల్ పీకి చూసే పాత అలవాటు మానుకోండి. అందులో వేల వోల్టులు ఉంటాయి.

డీజిల్ బండికి స్పార్క్ ప్లగ్గులే ఉండవు కాబట్టి ఈ కాయిల్ కథ వర్తించదు. అక్కడ ఫ్యూయల్ ఫిల్టర్, అందులో చేరిన నీళ్లు, లైన్లో గాలి ముందు చూడాలి. దాని గురించి ఇంకో వీడియో చేస్తాను.

[నల్లటి రబ్బరు పైపు. రెండు వైపులా తిప్పి చూపించాలి.]

ఇక నా బండి దగ్గరికొద్దాం. ఐడ్లింగ్‌లో వణుకు, ఆగిపోవడం. రోడ్డెక్కి 60లో వెళ్తుంటే మాత్రం ఏ తేడా లేదు. కోడ్ పీ0300, దాంతో పాటు పీ0171. మీకు ఇంతసేపు చెప్పిందంతా తెలిసి కూడా నేనేం చేశాను? మిస్ ఫైర్ కోడ్ చూడగానే నాలుగు ప్లగ్గులు, నాలుగు కాయిల్స్ మార్చేశాను. వణుకు అలాగే ఉంది.

పీ0171 అంటే లీన్, గాలికి తగ్గ పెట్రోల్ లేదు అని. ఆ కోడ్ వస్తే చాలామంది పొగలో ఆక్సిజన్ కొలిచే ఆక్సిజన్ సెన్సర్ మార్చేస్తారు. పాపం ఆ సెన్సర్ ఉన్నది ఉన్నట్టు చెప్పింది, అంతే. అప్పుడు స్కానర్లో ఫ్యూయల్ ట్రిమ్ తెరిచాను. ఈసీయూ లెక్క ప్రకారం ఇవ్వాల్సిన దానికంటే ఎంత శాతం పెట్రోల్ ఎక్కువో తక్కువో ఇస్తోందో చెప్పే అంకె అది. సున్నాకి దగ్గరగా ఉండాలి. ప్లస్ 10 దాటిందంటే అనుమానించాలి. నాది ఐడ్లింగ్‌లో ప్లస్ 22. రేస్ చేసి 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టుకుంటే ప్లస్ 4కి పడిపోయింది.

ఈ పడిపోవడమే అసలు ఆధారం. గ్లాసు నీళ్లలో సిరా చుక్క పడితే కనిపిస్తుంది, బిందెడు నీళ్లలో పడితే కనిపించదు. ఐడ్లింగ్‌లో ఇంజిన్ పీల్చే గాలి కొంచెమే, అందులోకి దొంగదారిన గాలి కలిస్తే లెక్క తప్పుతుంది. రేస్ చేస్తే పీల్చే గాలి ఎక్కువ, ఆ దొంగగాలి లెక్కలోకే రాదు. దీనికి రివర్స్‌లో, ఐడ్లింగ్‌లో బాగుండి రేస్ చేస్తేనో, లోడ్ మీదో ట్రిమ్ పెరుగుతుంటే పెట్రోల్ చాలట్లేదు, పంపు వైపు వెళ్లండి.

ఎయిర్ ఫిల్టర్ నుంచి, ఇంజిన్‌లోకి ఎంత గాలి వెళ్లాలో అదుపు చేసే త్రోటిల్ బాడీకి వెళ్లే పైపు ఇది. పైనుంచి చూస్తే కొత్తదానిలా ఉంది కదా. ఇప్పుడు వంచుతున్నాను, చూడండి.

[పైపును వంచుతాడు. అడుగు మడతలో పొడవాటి చీలిక తెరుచుకుంటుంది.]

కింది వైపు, మడత లోపల, వేలెడు పొడుగు చీలిక. ఇంజిన్ ఆపి చూస్తే రబ్బరు మూసుకుని ఉంటుంది. ఇంజిన్ ఊగినప్పుడు తెరుచుకుంటుంది. గాలిని కొలిచే మాఫ్ సెన్సర్ దీనికి ముందుంది, చీలిక దాని తర్వాత ఉంది, కాబట్టి ఇందులోంచి దూరిన గాలి లెక్కకి అందలేదు. వారం ముందే ఎయిర్ ఫిల్టర్ మార్పించాను. బాక్స్ తెరవడానికి ఈ పైపును లాగి ఉంటారు, ఎండిన రబ్బరు చిట్లింది. బండి పాడయ్యే ముందు చివరిగా ఎవరి చెయ్యి ఎక్కడ పడిందో గుర్తు చేసుకుని ఉంటే మొదటి రోజే దొరికేది.

పైపు మార్చి, త్రోటిల్ బాడీ కార్బన్ కూడా తుడిచాను.

[ఇంజిన్ స్టార్ట్ అవుతుంది. ముల్లు 750 దగ్గర కదలకుండా నిలబడుతుంది.]

ట్రిమ్ ప్లస్ 3. ఊడదీసిన పాత కాయిల్స్ నాలుగూ ఇంకా డిక్కీలోనే ఉన్నాయి. ఒక్కటీ పాడవలేదు.