520001ని విడగొట్టిన సాయంత్రం

పిల్లలకూ, వాళ్లను వెంటబెట్టుకొచ్చిన తల్లిదండ్రులకూ నమస్కారం.

మన విజయవాడ వన్‌టౌన్‌కు ఉత్తరం రాస్తే అడ్రసు చివర 520001 అని వేస్తాం. 1972లో మన దేశంలో పిన్ కోడ్‌లు వచ్చాయి. పోస్టాఫీసు వాళ్ల సంగతి అలా ఉంచి, ఇవాళ దీన్ని ఉత్త సంఖ్యగా చూద్దాం. ఐదు లక్షల ఇరవై వేల ఒకటి. ఇది ప్రధాన సంఖ్యేనా? అంటే 1తోనూ, తనతోనూ తప్ప ఇంకే సంఖ్యతోనూ శేషం లేకుండా తెగనిదేనా?

చివర ఒకటి ఉంది, కాబట్టి 2, 5 పోయాయి. అంకెలు కూడితే 8, కాబట్టి 3 కూడా పోయింది. 7తో భాగిస్తే 6 మిగులుతుంది. 13 దగ్గర కాస్త ఆగండి. పదమూడు నాలుగులు యాభై రెండు. అంటే 5,20,000 సరిగ్గా తెగుతుంది. మన సంఖ్యలో ఆ చివరి ఒకటి మాత్రం మిగిలిపోతుంది. నాకు ఈ మెట్టు చాలా ఇష్టం, ఎందుకంటే ఇక్కడ భాగహారం చేయకుండానే శేషం కళ్లకు కనిపిస్తుంది.

ఎంతవరకు వెళ్లాలి? 721ని 721తో గుణిస్తే 5,19,841. 722ను 722తో గుణిస్తే మన సంఖ్య దాటిపోతుంది. రెండు కారణాంకాలుంటే వాటిలో చిన్నది వర్గమూలాన్ని మించదు. కాబట్టి 721 లోపు ప్రధాన సంఖ్యలు చూస్తే చాలు. అవి 128.

ఇదంతా నేను కాగితం మీదే చేశాను. 29 దగ్గర 2 మిగిలింది. 43 దగ్గర మళ్లీ 2. 139 దగ్గరా 2. రెండొందలు దాటాను, మూడొందలు దాటాను. అరవై ఆరు ప్రధాన సంఖ్యలు అయిపోయాయి. ఇక ఇది ప్రధాన సంఖ్యేనని మనసు గట్టిగా చెబుతోంది. అరవై ఏడోది 331. శేషం సున్నా!

331 × 1571 = 5,20,001. ఆ రెండూ ప్రధాన సంఖ్యలే.

నిమిషానికో ప్రశ్న చొప్పున మన పిల్లల చేత సాధన చేయిస్తున్నాం. ఆ టెన్షన్ నాకు తెలుసు. కానీ ఒకే ప్రశ్నతో సాయంత్రమంతా కూర్చునే అవకాశం కూడా వాళ్లకు ఇవ్వండమ్మా, అడుగుతున్నాను.

331ని 1571తో గుణించడానికి అర నిమిషం చాలు. వెనక్కి విడగొట్టడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. ఈ తేడానే ఆధారం చేసుకుని 1977లో రివెస్ట్, షమీర్, ఏడల్‌మన్ అనే ముగ్గురు ఆర్‌ఎస్‌ఏ అనే రహస్య సంకేత పద్ధతిని తయారుచేశారు. అందులో వాడేవి వందల అంకెలుండే ప్రధాన సంఖ్యలు.

చిత్రమేమిటంటే, ఒక సంఖ్య ప్రధానమా కాదా అని తేల్చడం అంత కష్టం కాదు. విడగొట్టడమే కష్టం. 2002లో ఐఐటీ కాన్పూర్‌లో మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కలిసి, ఎంత పెద్ద సంఖ్యకైనా లెక్క చేయిదాటిపోకుండా, కచ్చితంగా తేల్చే పద్ధతి కనిపెట్టారు. కయాల్, సక్సేనా అప్పుడే బీటెక్ పూర్తిచేసిన కుర్రాళ్లు. ఆ పద్ధతి కూడా కారణాంకాలు చెప్పదు.

ఇప్పుడు కృష్ణ దాటి గుంటూరు వెళదాం. బ్రాడీపేట పిన్ 522002. వరసగా 2తో, 13తో, 17తో తెగుతుంది. అలా భాగించుకుంటూ వెళితే చివరికి 1181 వచ్చింది. దీనికి 34 వరకు చూస్తే సరిపోతుంది. సుద్దముక్క ఇక్కడ ఉంది, ఎవరొస్తారు?