ఫాతిమా పేరులో ఉన్న అమ్మ

శ్రోతలకు నమస్కారం.

చంటిబిడ్డ చేత పాలు మాన్పించడానికి మన ఊళ్లలో తల్లులు వేపాకు నూరి రొమ్ముకు రాసుకునేవాళ్లు. చేదు తగలగానే బిడ్డ మొహం చిట్లించుకుని ఏడుస్తుంది. తల్లికీ ఏడుపొస్తుంది. రెండు మూడు రోజులు ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. తర్వాత బిడ్డ మెల్లగా గోరుముద్దలకు అలవాటు పడుతుంది. ఈ పనికి అరబ్బీలో ఉన్న మాట నుంచే మనకు బాగా తెలిసిన ఒక ఆడపిల్ల పేరు పుట్టింది. ఆ పేరు ఫాతిమా.

అరబ్బీలో చాలా మాటలు మూడేసి హల్లుల మీద నిలబడతాయి. ఫ, త, మ కలిస్తే తెంచడం, ముఖ్యంగా తల్లిపాలు మాన్పించడం అని అర్థం. పాలు మానిన బిడ్డ ఫతీమ్. పాలు మాన్పించే ఆమె ఫాతిమా.

పొత్తిళ్లలో పిల్లకు ఆ పేరెందుకు? పసిపిల్లలు బతికి బట్టకట్టడమే గగనమైన రోజులవి. ఈ పిల్ల పాలు మానే వయసు దాకా బతకాలి, పెరిగి పెద్దదై తన బిడ్డ చేత కూడా పాలు మాన్పించాలి అన్న దీవెన అందులో నాకు వినిపిస్తుంది. మన దగ్గరా పుట్టిన బిడ్డలు దక్కకపోతే తర్వాతి బిడ్డకు పెంటయ్య, పెంటమ్మ, పుల్లయ్య అని పేర్లు పెట్టేవాళ్లు కదా. దారి వేరు గానీ, ఆ తల్లుల భయం ఒక్కటే.

ఈ పేరు ఇస్లాం కంటే పాతది. ముహమ్మద్ ప్రవక్త నాయనమ్మ పేరు ఫాతిమా. ఆయన అల్లుడు అలీని కన్న తల్లి పేరూ అదే. కానీ దేశదేశాలకు దాన్ని మోసుకెళ్లింది మాత్రం ప్రవక్త కూతురు. వెలుగులీనే ఆమె అనే అర్థంలో ఆమెను ఫాతిమా జహ్రా అంటారు. మక్కాలో ఒకసారి ప్రవక్త ప్రార్థనలో వంగి ఉన్నప్పుడు గిట్టనివాళ్లు ఒంటె పేగులు తెచ్చి ఆయన వీపు మీద వేశారు. అప్పటికి ఇంకా చిన్నపిల్ల అయిన ఫాతిమా పరుగున వచ్చి తన చేతులతో వాటిని తీసి పారేసింది. ఆమెకు ఉమ్ము అబీహా అనే పేరు కూడా ఉంది. అంటే తన తండ్రికి తల్లి. కూతుర్ని "ఏం తల్లీ" అని పిలిచే మన నాన్నలకు ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు. 632లో తండ్రి పోయిన కొన్ని నెలలకే ఆమె కూడా కన్నుమూసింది.

ఆమె వంశం వాళ్లమని చెప్పుకున్న ఫాతిమీ పాలకులే 969లో కైరో నగరానికి పునాది వేశారు. మొరాకోలోని ఫెజ్‌లో 859లో మొదలైన ఖరవియ్యీన్ విద్యాలయాన్ని కట్టించింది ఫాతిమా అల్ ఫిహ్రీ అనే మహిళ అని చెబుతారు. ఇరాన్‌లో ఫాతెమే, టర్కీలో ఫత్మా ఎక్కడ విన్నా వినపడే పేర్లు. పశ్చిమ ఆఫ్రికాలో ఫతూ, ఫతుమాతా అంటారు. కేరళ పల్లెల్లో పాత్తుమ్మ. మన సుప్రీంకోర్టులో 1989లో మొదటి మహిళా న్యాయమూర్తి అయిన ఫాతిమా బీవి కూడా కేరళ ఆడపడుచే.

హైదరాబాద్ వాళ్లకు బీబీకా ఆలం గురించి తెలిసే ఉంటుంది. ఆలం అంటే మన పల్లెల్లో పీరు లాంటిదే. ఆ బీబీ ఈ ఫాతిమానే. కుతుబ్‌షాహీల కాలం నుంచి వస్తున్న ఆ ఆలంలో, ఆమెకు చివరి స్నానం చేయించిన చెక్కలో ఒక ముక్క ఉందని నమ్మకం. ముహర్రం పదోరోజున డబీర్‌పురా నుంచి దాన్ని ఏనుగు మీద ఊరేగిస్తారు. మన పల్లెల్లో పీర్ల పండుగకు ఎత్తుకునే హసన్, హుసేన్ ఆమె కొడుకులే. పీరు ఎదురొస్తే బిందెతో నీళ్లు ఆరబోసే హిందూ ఆడవాళ్లు ఎందరో ఈ తల్లి బిడ్డలకే మొక్కుతున్నారు.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి. పోర్చుగల్‌ను ఒకప్పుడు అరబ్బీ మాట్లాడే ముస్లింలు ఏలారు. వాళ్ల పాలన పోయినా అక్కడ ఒక పల్లెకు ఫాతిమా అన్న పేరు నిలిచింది. 1917 మే 13న ఆ ఊరి దగ్గర గొర్రెలు కాసుకుంటున్న ముగ్గురు పిల్లలు తమకు మరియమ్మ కనిపించిందని చెప్పారు. అప్పటి నుంచి ప్రపంచమంతటా కథోలిక క్రైస్తవులు ఆమెను ఫాతిమా మాత అని కొలుస్తున్నారు. ఆ మాత పేరిట కాజీపేట దగ్గర పెద్ద చర్చి ఉంది. దాని చుట్టూ ఉన్న పేటకూ అదే పేరు. బిడ్డ చేత పాలు మాన్పించే అమ్మ అని అరబ్బు ఎడారిలో పుట్టిన మాటను, కాజీపేట నుంచి హనుమకొండ వెళ్లే దారిలో ఆటో ఎక్కేవాళ్లు రోజూ పలుకుతారు. "ఫాతిమానగర్ దగ్గర ఆపన్నా" అని.