కథ చేతికొచ్చిన దగ్గర నుంచి ఫైలు పంపేదాకా: ఒక బొమ్మ, దాని వెనక పని

నమస్కారం. ఈ రోజు ఒకే ఒక్క బొమ్మను మొదటి నుంచి చివరిదాకా కలిసి వేద్దాం. పిల్లల పత్రికలో ఒక చిన్న కథకు పేజీ నిండా వచ్చే బొమ్మ అది. కథ అందినప్పటి నుంచి ఫైలు పంపి బిల్లు పెట్టేదాకా ఏ పని తర్వాత ఏ పని చేస్తానో, ఆ వరుస ఎందుకో చెబుతాను. ఏ బ్రష్ మంచిది, ఏ యాప్ మంచిది అనే చర్చ ఇందులో ఉండదు. సొంతంగా పనులు తెచ్చుకుని బొమ్మలు వేసేవారికి చేతిలో ఎంత నైపుణ్యం ఉన్నా, ఏమీ తేల్చుకోకుండానే పెద్ద కాగితం మీదికి వెళ్లిపోతే పని బరువెక్కుతుంది. నిర్ణయాలన్నీ బొమ్మ అగ్గిపెట్టె అంత ఉన్నప్పుడే జరిగిపోవాలి. అప్పుడు రంగులు, సవరణలు, గడువు, చివరికి డబ్బు మాటలు కూడా సాఫీగా సాగుతాయి. నేను గట్టిగా నమ్మే పద్ధతి ఇది.

సరే, కథలోకి వెళ్దాం. తెర మీద చదవండి. "రాత్రి కరెంటు పోయింది. పాప టార్చి పట్టుకుని పిల్లిపిల్ల కోసం ఇల్లంతా వెతికింది. మంచం కింద లేదు. తలుపు వెనక లేదు. చివరికి మెట్ల కింద దొరికింది." ఈ వీడియో కోసం నేనే రాసుకున్న కథ ఇది.

పెన్సిల్ ఇంకా ముట్టుకోవద్దు. ముందు రెండుసార్లు చదవండి. మొదటిసారి మామూలు పాఠకుడిలా చదవండి. రెండోసారి చదివేటప్పుడు, మాటలు చెప్పేసిన వాటి కింద గీత గీయండి. కరెంటు పోయింది, టార్చి ఉంది, పిల్లిపిల్ల మెట్ల కింద ఉంది: ఇవన్నీ రచయిత చెప్పేశారు. మరి చెప్పనివి ఏమిటి? పాపకు భయం వేస్తోందా, సరదాగా ఉందా? పిల్లిపిల్ల తప్పిపోయిందా, కావాలనే దాక్కుందా? బొమ్మ పని చేయాల్సింది ఈ ఖాళీల్లోనే. రాసిన వాక్యాన్నే మళ్లీ గీసి చూపిస్తే పేజీలో ఒకే మాట రెండుసార్లు వచ్చినట్టు ఉంటుంది. పిల్లలు ఆ సంగతి అందరికంటే ముందు పసిగడతారు.

ఇప్పుడు పత్రిక సంపాదకులను అడగాల్సినవి అడగాలి. పేజీ కొలత ఎంత? కథ అక్షరాలు బొమ్మ మీదే వస్తాయా, పక్క పేజీలోనా? కుడి పేజీయా, ఎడమ పేజీయా? బొమ్మను అచ్చులోనే వాడతారా, వెబ్‌సైట్‌లో కూడానా? స్కెచ్ ఎప్పటికి కావాలి, తుది బొమ్మ ఎప్పటికి కావాలి? ఈ జవాబులన్నీ వచ్చాకే ధర చెప్పండి. కొలత, వాడకం తెలియకుండా చెప్పిన ధర గాలిలో చెప్పినట్టే. ఫోనులో మాట్లాడినా సరే, తర్వాత అవే విషయాలు నాలుగు వాక్యాల్లో మెయిల్ రాసి, సరేనని జవాబు తెప్పించుకోండి.

ఇక నాకు అన్నింటికన్నా ఇష్టమైన ఘట్టం. కాగితం మీద పేజీ నిష్పత్తిలోనే పన్నెండు చిన్న గళ్లు గీసుకున్నాను, చూడండి. ఒక్కో గడికీ ఒకటి రెండు నిమిషాలు చాలు. మొద్దు పెన్సిల్ తీసుకోండి, రబ్బరు దూరంగా పెట్టండి. సన్నని మొన ఉంటే కనుబొమలు గీయాలనిపిస్తుంది. ఇక్కడ వాటితో పని లేదు. తెలుపు, బూడిద, నలుపు మచ్చలతో మాత్రమే ఆలోచించాలి.

మొదటి గడిలో పాప మెట్ల ముందు నిలబడి ఉంది, టార్చి వెలుగులో పిల్లిపిల్ల కనిపిస్తోంది. రెండో దానిలో అదే దృశ్యం, కాస్త దగ్గర నుంచి. మూడోది పై నుంచి చూసినట్టు. ఈ మూడూ ఎవరికైనా తోచేవే. వీటిని చెత్త అనుకోకండి, ఇవి బయటికి వస్తే తప్ప వెనకున్నవి రావు. నాలుగో గడి దగ్గర చెయ్యి ఆగుతుంది. ఆగనివ్వండి. కుర్చీలోంచి లేవకండి, ఫోను చూడకండి. మీదే అయిన ఆలోచన వచ్చే చోటు ఇదే.

ఆరో గడి చూడండి. ఇక్కడ పాప ఇంకా వెతుకుతూనే ఉంది. వీపు మనవైపు ఉంది, టార్చి వెలుగు ఎడమ పక్క తలుపు మీద పడింది. కుడివైపు కింద, మెట్ల చీకట్లో రెండు చిన్న తెల్లని చుక్కలు. పిల్లి కళ్లు. పాపకు తెలియని సంగతి చదివే పిల్లవాడికి ముందే తెలిసిపోయింది. "అదిగో, అక్కడ!" అని వేలు పెట్టి చూపిస్తాడు. కథ మారలేదు, ఒక్క వాక్యం అదనంగా చేరలేదు, కానీ పేజీలో ఆట మొదలైంది. దొరికిన క్షణం కంటే దొరకడానికి ముందు క్షణం గీయడమే ఇక్కడ నయం. చాలా కథలకు ఇది పనికొస్తుంది, ఒకసారి మీ దగ్గరున్న పాత బొమ్మలకు వర్తింపజేసి చూడండి.

అమెరికా చిత్రకారుడు నార్మన్ రాక్‌వెల్ 1916 నుంచి 1963 వరకు ఒకే పత్రికకు 300కు పైగా ముఖచిత్రాలు వేశారు. ఆయన కూడా కాన్వాస్ మీదికి నేరుగా వెళ్లేవారు కాదు. చిన్న స్కెచ్, ఆ తర్వాత తుది బొమ్మ ఎంత ఉంటుందో అంతే పెద్దదిగా బొగ్గుతో గీత, రంగులు ఎలా పడాలో చూసుకోవడానికి చిన్న నమూనా, ఇవన్నీ అయ్యాకే రంగు పూసేవారు. అంతటి చెయ్యి తిరిగిన మనిషికి అన్ని మెట్లు అవసరమయ్యాయంటే, పన్నెండు గళ్లకు సమయం లేదని మనం అనుకోనక్కర్లేదు.

ఆరో గడి నాకు నచ్చింది. అయినా సంపాదకులకు మూడు పంపుతాను. ఒక్కటే పంపితే వాళ్లకు ఔను, కాదు అని తప్ప మరో మాట ఉండదు. పది పంపితే ఎంచుకునే భారం వాళ్ల మీద వేసినట్టు అవుతుంది. ఒక్క నియమం మాత్రం గట్టిగా పెట్టుకోండి: వేయడం ఇష్టం లేని స్కెచ్ ఎప్పుడూ పంపకండి. సరిగ్గా దాన్నే ఎంచుకుంటే మూడు రోజులు దానితోనే గడపాలి. పంపేటప్పుడు ఒక్కోదాని కింద ఒక వాక్యం రాయండి. "ఇందులో పాప కంటే ముందు పాఠకుడే పిల్లిని చూస్తాడు" అంటే చాలు. మీ ఆలోచన కనబడితే వచ్చే జవాబు కూడా ఆలోచన మీదే ఉంటుంది, జడ రంగు మీద కాదు.

సవరణల సంగతి కూడా ఇక్కడే. స్కెచ్ దశలో రెండు విడతల మార్పులు ధరలోనే కలిపి ఉంటాయని, రంగులు వేశాక కూర్పు మార్చమంటే అదనపు రుసుము అని ముందే రాసి పెట్టండి. ఇది మొండితనం అనిపించుకోదు. పెన్సిల్ గీతలో మెట్లను ఎడమకు జరపడం పది నిమిషాల పని, రంగులయ్యాక అదే పని రోజంతా తింటుంది. ఎదుటివారికి ఆ తేడా తెలిసే అవకాశం లేదు, మనమే చెప్పాలి.

జవాబు వచ్చేలోగా ఆధారాలు సేకరించుకుందాం. టార్చి పట్టుకున్న చెయ్యి ఎలా ఉంటుంది? గది చీకటి చేసి, టార్చి వెలిగించి, మీ చెయ్యినే ఫోటో తీసుకోండి. వెలుగు అంచు ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ కరిగిపోతోందో చూసి రాసుకోండి. పిల్లి కళ్ల వెనక కాంతిని తిప్పికొట్టే పొర ఒకటి ఉంటుంది, అందుకే చీకట్లో మెరుస్తాయి. అయితే ఎంతో కొంత వెలుగు వాటి మీద పడితేనే మెరుపు వస్తుంది. కాబట్టి టార్చి వెలుగు తలుపుకు తగిలి, కొంచెం మెట్ల వైపు చిందాలి. చూశారా, ఈ చిన్న నిజం వల్ల తలుపు ఎక్కడ ఉండాలో తేలిపోయింది. ఇంటర్నెట్‌లో దొరికిన ఫోటోను చూసి అచ్చంగా గీయడం మాత్రం వద్దు. ఆ ఫోటో మీద తీసినవారికి హక్కు ఉంటుంది, పైగా మీ ఇంట్లో మీరు తీసుకున్న ఫోటోలో కోణం మీకు కావలసినట్టు వస్తుంది.

రోజు ఎలా గడుస్తుందో కూడా చెప్పాలి. తేల్చుకోవాల్సిన పనులు, అంటే చదవడం, చిన్న గళ్లు, కూర్పు, ఇవన్నీ నేను ఉదయమే చేస్తాను. ఆ వేళ మెయిల్ తెరవను, ఫోను మరో గదిలో ఉంటుంది. గీతను శుభ్రంగా తిరగగీయడం, రంగులు నింపడం మధ్యాహ్నానికి వదిలేస్తాను, పాటలు వింటూ చేయవచ్చు. మెయిళ్లు, బిల్లులు సాయంత్రం. మీ బుర్ర రాత్రిపూట చురుగ్గా ఉంటే ఈ వరుసను తిప్పేసుకోండి. చురుకైన గంటలు నిర్ణయాలకే ఇవ్వాలన్నది మాత్రం మార్చకండి. ఎక్కడ ఆపాలో కూడా ముందే అనుకుంటాను. రేపు మొదట చేయాల్సిన పనిని ఒక చీటీ మీద రాసి బల్ల మీద పెట్టి లేస్తాను. పొద్దున కూర్చోగానే ఎక్కడ మొదలుపెట్టాలా అనే తర్జనభర్జన ఉండదు.

చెయ్యి గురించి ఒక్క మాట, ఇది చాలా ముఖ్యం. పొడవైన గీతలు మణికట్టుతో కాకుండా మోచేతి నుంచి, భుజం నుంచి గీయండి. మణికట్టులో నొప్పి, వేళ్లలో తిమ్మిరి మొదలైతే ఆ రోజుకు ఆపేయండి, తగ్గకపోతే డాక్టరును కలవండి. కళ్ల కోసం ప్రతి 20 నిమిషాలకు ఒకసారి, 20 అడుగుల దూరంలో ఉన్న దేన్నైనా 20 సెకన్లు చూడండి. గడువు దగ్గర పడినప్పుడు మొదట ఎగిరిపోయేవి ఈ విరామాలే.

ఆరో గడికే ఆమోదం వచ్చిందనుకుందాం. ఇప్పుడు రంగులు. పెద్ద బొమ్మ తెరవకముందు, ఆ చిన్న గడినే స్కాన్ చేసి దాని మీదే రంగులు పూసి చూస్తాను. చీకటి అనగానే నలుపు పూసేయాలనిపిస్తుంది. దానికి బదులు ముదురు నీలం, కాస్త ఊదా వేశాను, టార్చి వెలుగుకు వెచ్చని పసుపు. నీలం పక్కన ఉండటం వల్ల ఆ పసుపు ఎంత ప్రకాశంగా కనిపిస్తోందో గమనించండి. అదే పసుపును తెల్ల కాగితం మీద పెడితే పాలిపోయినట్టు ఉంటుంది. పారిస్‌లో గోబ్లాఁ నేత కర్మాగారం రంగుల విభాగాన్ని చూసుకున్న షెవ్రెల్ అనే రసాయన శాస్త్రవేత్తకు ఒక ఫిర్యాదు వచ్చింది, నల్ల దారం కళ తప్పుతోందని. పరిశీలిస్తే దారంలో లోపం లేదు, పక్కనున్న రంగుల వల్ల అలా కనిపిస్తోంది. ఒక రంగు పక్క రంగును ఎలా మారుస్తుందో ఆయన 1839లో వివరంగా ప్రచురించారు. అందుకే రంగును విడిగా ఎంచుకోకండి, దాని పొరుగుతో కలిపి ఎంచుకోండి. ఆ తర్వాత బొమ్మ మొత్తాన్ని ఒకసారి నలుపు తెలుపులోకి మార్చి చూడండి. పాప ఆకారం గోడలో కలిసిపోతే ఎంత మంచి రంగులైనా కాపాడలేవు. అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు తిప్పి కూడా చూడండి, వంకర తిరిగిన మెట్లు వెంటనే కనబడతాయి.

ఫైలు గురించి త్వరగా చెప్పేస్తాను. ఎ4 పేజీ అంటే 210 × 297 మిల్లీమీటర్లు. అంచులు కోసేటప్పుడు తెల్ల గీత రాకుండా నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు అదనంగా వేయాలి, అంటే 216 × 303. అంగుళానికి 300 చుక్కల లెక్కన సుమారు 2551 × 3579 పిక్సెళ్లు. మొదలుపెట్టేటప్పుడే ఈ కొలత పెట్టుకోండి, తర్వాత పెంచితే గీతలు మసకబారతాయి. తెర మీద మెరిసే నీలాలు, ఆకుపచ్చలు నాలుగు రంగుల అచ్చులో మందగిస్తాయి, కాబట్టి సీఎంవైకేలో, అంటే ఆ నాలుగు సిరాల రంగుల పద్ధతిలో, ముందే సరిచూసుకోండి. మన బొమ్మలో చీకటి ఎక్కువ. సిరా మోతాదు మించితే కాగితం మీద సరిగా ఆరదు, ప్రెస్సువారి పరిమితి ఎంతో అడిగి తెలుసుకోండి. పిల్లి కళ్లు పేజీ మడత వైపు పడకుండా చూడండి, అక్కడ పడితే కుట్టులో మాయమవుతాయి. ఫైలుకు మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి వేరే చోట.

ఇప్పుడు హక్కులు. మనలో చాలామంది సిగ్గుపడి దాటేసే విషయం ఇదే కాబట్టి కాస్త ఆగుదాం. కాపీరైట్ మీద దేశాల మధ్య కుదిరిన 1886 నాటి బెర్న్ ఒప్పందానికి 1908లో చేసిన సవరణ ప్రకారం, కాపీరైట్ రావడానికి ఏ రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. సభ్య దేశాల్లో మీరు బొమ్మ వేసినప్పుడే హక్కు పుడుతుంది. పత్రికవారు మీకు డబ్బిచ్చేది సాధారణంగా ఆ బొమ్మను వాడుకునే అనుమతికి. ఆ అనుమతికి హద్దులు ఉండాలి: ఏ పత్రికలో, ఏ భాషలో, ఎంతకాలం, అచ్చులోనా, ఆన్‌లైన్‌లోనా. ఒప్పందంలో "సర్వహక్కులు" అనే మాట కనబడితే అక్కడ ఆగండి. అలా రాసిచ్చాక అదే బొమ్మ సంచుల మీద, క్యాలెండర్ల మీద వచ్చినా మీకు పైసా రాకపోవచ్చు. నిజంగా సర్వహక్కులే కావాలంటే ఇవ్వవచ్చు, ధర మాత్రం ఆ స్థాయిలోనే ఉండాలి. "ఈ ధర ఒక సంచికలో ఒకసారి ప్రచురణకు. మిగతా వాడకాలకు విడిగా మాట్లాడుకుందాం" అని మర్యాదగా రాస్తే చాలు, కోపగించుకునేవారు తక్కువ. పని మొదలుపెట్టే ముందు కొంత అడ్వాన్సు అడగండి. పని మధ్యలో రద్దయితే అప్పటిదాకా చేసినదానికి ఎంత ఇస్తారో కూడా రాయించుకోండి. స్కెచ్ ఆమోదం అయ్యాక రద్దయితే అసలైన ఆలోచన అప్పటికే ఇచ్చేశాం, దానికి విలువ కట్టాలి. బిల్లును తుది ఫైలుతో పాటే పంపండి, చెల్లింపు గడువు తేదీ అందులోనే వేయండి.

పనులు లేని రోజులు వస్తాయి. అందరికీ వస్తాయి. అప్పుడు నేను ఎవరికీ చూపించనవసరం లేని నోట్‌బుక్ తీసుకుని బయట కూర్చుంటాను. కదిలే మనుషులను, వాళ్లు నిలబడే తీరును, సంచి మోసే భుజాలను గీస్తాను. ఈ రోజు మన పాప వీపు అంత తేలిగ్గా కుదరడానికి ఆ నోట్‌బుక్కే కారణం. మిగిలిన సమయంలో, ఎవరూ అడగకపోయినా, రావాలని కోరుకునే రకం పనిని సొంతంగా ఒకటి చేస్తాను. పోర్ట్‌ఫోలియోలో, అంటే పని ఇచ్చేవారికి చూపించే మన బొమ్మల సంకలనంలో, ఏ రకం బొమ్మలు పెడితే ఆ రకం పనులే వస్తాయి. పెళ్లి కార్డుల పని విసుగొచ్చి పిల్లల కథలకు వేయాలనుకుంటే, పోర్ట్‌ఫోలియోలోంచి కార్డులను తీసేయండి, ఎంత బాగున్నా సరే. తర్వాత మీకు నచ్చిన పత్రిక పాత సంచికలు తిరగేసి, అక్కడ మీ బొమ్మ ఎక్కడ ఇముడుతుందో చూసి, కళా సంపాదకులకు చిన్న మెయిల్ రాయండి. మీ పేరు, మీరు వేసే బొమ్మల గురించి ఒక వాక్యం, మూడు బొమ్మలు, పోర్ట్‌ఫోలియో లింకు. జవాబు రాకపోతే కొన్ని నెలలాగి కొత్త బొమ్మలతో మళ్లీ రాయండి.

ఈ కథ, ఖాళీ గళ్ల కాగితం కింద డౌన్‌లోడ్‌కు పెట్టాను. నా ఆరో గడిని పక్కన పెట్టి మీ పన్నెండు నింపండి.