అహం వదలమంటే ఎవరి అహం?

అందరికీ నమస్కారం. తిన్నగా విషయంలోకే వస్తా. ఈ మధ్య ఆధ్యాత్మికం పేరుతో ఏ వీడియో తెరిచినా పురుష శక్తి, స్త్రీ శక్తి అనే గోలే. రెండూ ప్రతి మనిషిలోనూ ఉంటాయి అని మొదలుపెడతారు, బాగానే ఉంది, కానీ సగానికి వచ్చేసరికి నిర్ణయాలేమో మగాడికి, ఓర్పేమో ఆడవాళ్ళకి పంచేస్తారు. పాత పంపకమే, దానికి శక్తి అని కొత్త లేబుల్ అంతే.

ఇంకోటి, అహం వదలండి, సరెండర్ అవ్వండి అనే మాట. 1960లో వాలెరీ సైవింగ్ అనే అమెరికన్ ఆవిడ ఒక వ్యాసం రాశారు. గర్వమే అసలు పాపం అని అప్పటి క్రైస్తవ పండితులు తేల్చేస్తుంటే, అది మగవాళ్ళ అనుభవం లోంచి వచ్చిన మాట కదా, ఆడవాళ్ళ ఇబ్బంది చాలాసార్లు దానికి రివర్స్, తనకంటూ ఏమీ మిగుల్చుకోకుండా అందరి కోసం కరిగిపోవడం అన్నారు. నన్నడిగితే ఇది ఏ మతానికైనా సరిపోతుంది.

ఈ స్వాముల ఉపన్యాసాల్లో ప్రశ్నలు అడిగే టైమ్ గమనించండి. ఒకాయన లేచి ఆఫీసులో కోపం ఆగట్లేదు స్వామీ అంటే శ్వాస ఎలా పీల్చాలో ఎలా వదలాలో పావుగంట నేర్పిస్తారు. తర్వాత ఒకావిడ ఇంటిపనంతా నా మీదే ఉంది, ధ్యానానికి టైమే దొరకట్లేదు అంటే, పనినే ధ్యానం చేసుకోమ్మా అని నవ్వుతారు, హాలంతా చప్పట్లు. ఆయనకి ఒక పద్ధతి దొరికింది, ఆవిడకి మళ్ళీ అవే గిన్నెలు.

సంస్థల్లోకి వెళ్తే ఇంకా పచ్చిగా కనబడుతుంది. బౌద్ధంలో భిక్షుణులకి గురుధర్మాలని ఎనిమిది నియమాలు ఉన్నాయి, మొదటిదాని ప్రకారం దీక్ష తీసుకుని నూరేళ్ళయిన భిక్షుణి కూడా ఇవ్వాళ దీక్ష తీసుకున్న భిక్షువుకి లేచి నమస్కరించాలి. ఇది బుద్ధుడే పెట్టాడా, తర్వాత చేర్చారా అని పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. 2009లో ఆస్ట్రేలియాలో పెర్త్ దగ్గర నలుగురు స్త్రీలకి భిక్షుణి దీక్ష ఇస్తే, అందులో పాల్గొన్న అజాన్ బ్రహ్మ్ అనే బౌద్ధ భిక్షువుని థాయిలాండ్‌లోని ఆయన మూల మఠం తమ సంఘం నుంచి తీసేసింది. చైతన్యానికి ఆడామగా లేదు అని ఉపన్యాసం ఇవ్వడం ఈజీనే, దీక్ష ఇవ్వాల్సి వచ్చేసరికే అసలు చిక్కంతా.

మగవాళ్ళకి మాత్రం ఏం ఒరిగింది? 1980ల్లో, 90ల్లో అమెరికాలో మగవాళ్ళు అడవుల్లో చేరి డప్పులు కొట్టి తండ్రులని తలుచుకుని ఏడ్చేవాళ్ళు, కవి రాబర్ట్ బ్లై ఆ ఉద్యమానికి పెద్ద పేరు. చాలామంది వెక్కిరించారు. నాకైతే నవ్వు రాదు, మగాడికి ఏడవడానికి ఒక చోటు దొరకడం తక్కువ సంగతా? కాకపోతే మగాళ్ళు మెత్తబడిపోయారు, తల్లి కొంగు వదిలి పెద్ద మగవాళ్ళ దగ్గరికి రావాలి అనే ధోరణి అందులో ఉండేది, అక్కడే నాకు పేచీ. ఇప్పుడు ఆన్‌లైన్‌లో మగతనం నేర్పుతామనే కోర్సులు చాలావాటిలో ఆ ఏడుపు కూడా ఎగిరిపోయింది, చన్నీటి స్నానం, బ్రహ్మచర్యం, అదుపు మిగిలాయి. కుర్రాడు బ్రహ్మచర్యం పేరుతో ఆడపిల్లని దృష్టి చెడగొట్టే వస్తువులా చూడటం నేర్చుకుని, అదే సాధన అనుకుంటున్నాడు. దానికి ఫీజు కూడా కడుతున్నాడండీ.

సరే, ప్రశ్నలుంటే అడగండి.